పదకొండో చెలక

ప్రొఫెసర్ వసుంధర నా సిద్ధాంత గ్రంథంలోని ఒక పాదసూచికను ఎర్రసిరాతో కొట్టివేశారు.

“విమానాశ్రయం కిందికి పోయిన మెట్టచేల, అదే చెలకల, పేర్లకు ఆధారం తారాబాయి అనే రైతా? ఎవరీవిడ?”

“మా అమ్మ, మేడం.”

“అమ్మలు ఆధారాలు కారమ్మా. విద్వత్ రచనకు అచ్చయిన మూలం ఉండాలి. నా పుస్తకాన్ని ఉటంకించు. అందులో పదకొండు చెలకలున్నాయి, నువ్వు పదే రాశావు. ఇది సరిచేస్తేనే సంతకం పెడతాను.”

ఆ సంతకం లేనిదే నా నాలుగేళ్ల శ్రమకు పట్టా రాదు. అయినా తల వంచే ముందు, ఆ పుస్తకాన్ని శంషాబాద్‌లోని మా ఇంటికి తెచ్చి అమ్మకు చదివి వినిపించాను. పేర్లు చెప్పినవారి గురించి అందులో “ఒక గ్రామీణ స్త్రీ” అని మాత్రమే ఉంది.

చివరి పేరు “అత్త అలిగిన చెలక”. అది వినగానే అమ్మ పడీ పడీ నవ్వింది.

“గట్ల ఏ చెల్కకన్న పేరుంటదా బిడ్డా? ఆ మేడం మనింటికొచ్చి, ఇంకో పేరు చెప్పు, ఇంకో పేరు చెప్పు అని పానం తీస్తుంటే నేనే మజాక్ చేసిన. గప్పుడు మీ నాయినమ్మ నా మీద అలిగి గాడనే కూసున్నది.”

మర్నాడు ఆ పాదసూచికను యథాతథంగా నిలబెట్టి, దానికి ఒక్క వాక్యం చేర్చాను: “పదకొండో చెలక ఏనాడూ లేదు; ప్రొఫెసర్ వసుంధర గ్రంథంలోని ఆ పేరు, ఇదే తారాబాయి తన అత్తగారిపై విసిరిన పరాచికం.”

ప్రొఫెసర్ దాన్ని రెండుసార్లు చదివారు. సంతకానికి కలం నేనే అందించాను.