ఎదురు తిరిగిన యంత్రం

"నాకొద్దే. ఆకలి నేదు," అంటూ నూకరత్నం కంచాన్ని అవతలికి తోసేసింది.

అశ్విని చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "నిన్నా అదే మాటన్నావక్కా. నేను వండింది బాగోలేదేటి?"

నూకరత్నం తోటికోడలి ముఖంలోకి ఓసారి దొంగచూపు చూసి, "నీకు ఒంట్లో బాగానే ఉంది గదా?" అంది.

"నాకేటి, దుక్కలా ఉన్నాను."

ఆ మాటకి నూకరత్నం ముఖం ఇంకా పాలిపోయింది. గదిలోకెళ్ళి తలుపేసుకుంది.

కాసేపటికి ఆమె మొగుడు దాసు ఫ్యాక్టరీ డ్యూటీకి బయల్దేరుతూ వంటింటి దగ్గర ఆగాడు.

"అమ్మా అశ్వినీ, మీ అక్క బట్టలు సద్దేసింది. మధ్యాన్నం బస్సుకి రోలుగుంట, పుట్టింటికి ఎలిపోతాదంట. మరి రాదంట."

"ఎందుకు బావగారూ?"

"ఏదో యంత్రం తన పేణం తీసేస్తాదంట. నీ నోటంటే ఇన్నాదంట." దాసు తల దించుకున్నాడు. "నాను నమ్మనేదమ్మా. కానీ అది మెతుకు ముట్టడం నేదు. ఇలాగుంటే మనిషి దక్కదు."

ఆయన వెళ్ళాక అశ్వినికి సంగతి తట్టింది. తట్టగానే నెత్తి కొట్టుకుంది.

అశ్విని కథలు రాస్తుంది. వంట దగ్గర చేతులు ఖాళీ ఉండవు కాబట్టి పైకి చెబుతుంది, ఫోనే టైపు చేసుకుంటుంది. ఇప్పుడు రాస్తున్నది శత్రువుని చంపడానికి ఓ శాస్త్రవేత్త తయారుచేసిన ఇనపమనిషి కథ. మొన్న చారుకి పోపు పెడుతూ, ఆ చిటపటల్లో ఫోనుకి వినబడాలని గొంతు పెంచి మరీ చెప్పింది: "యంత్రం ఎదురు తిరిగింది. చేయించినవాడి ప్రాణమే తీస్తుంది. ఇక దాన్ని ఎవరూ ఆపలేరు."

కథ కాబట్టి యంత్రం అంది. మామూలుగా అయితే ఇంట్లో అన్నీ మిషన్లే. కుట్టుమిషను, పిండిమిషను, వాషింగ్ మిషను. నూకరత్నానికి యంత్రమంటే ఒక్కటే. ఎవరి చావో కోరుకున్నవాళ్ళకి, గుమ్మంలో పాతమని మంత్రగాడు గీసిచ్చే రాగిరేకు.

అశ్వినికి ఏడుపొచ్చింది. కిందటి నెల తనకి జ్వరమొస్తే నిద్ర మానుకుని నుదుటిమీద తడిగుడ్డలేసిన మనిషి. కన్ను మూస్తే చాలు, ఊపిరాడుతోందో లేదోనని ముక్కు దగ్గర వేలుపెట్టి చూసిన మనిషి. అలాంటిదాన్ని తన దిక్కుమాలిన కథ పస్తులు పెట్టింది. తనంత పాపిష్ఠిది ఉండదనిపించింది.

తలుపు తోసుకుని లోపలికెళ్ళి నూకరత్నం పక్కన చతికిలపడింది.

"అక్కా, అది కథ! రోబో కథ. ఇదిగో చూడు." ఫోన్లో ఉన్నదంతా గబగబా చదివి వినిపించింది. "నీకు చెడు చేస్తానా నేను? కలలో కూడా అనుకోను. నన్ను క్షమించక్కా."

నూకరత్నం కళ్ళార్పకుండా వింది. "మరైతే యంత్రం ఎదురు తిరగనేదా?"

"ఎదురు తిరగడమేటి! అసలు యంత్రమే లేదు. నీమీద ఒట్టు."

నూకరత్నం ఆమెని వాటేసుకుని బావురుమంది. "నన్ను పేణాలతో ఒగ్గేసేవు కాదే. బంగారంలాటి గుంటవే నువ్వు."

"నువ్వేడుస్తావేటి? తప్పు చేసింది నేనయితే! లే, ముందు ఇంత అన్నం తిను."

నూకరత్నం కళ్ళు తుడుచుకుని లేచింది. కంచం దగ్గరికి రాలేదు. పెరట్లోకి పోయి గునపం తెచ్చింది. అశ్విని గది గుమ్మం ముందు కూలబడి నేల పొడవడం మొదలుపెట్టింది.

"అయ్యో, ఇదేటక్కా? ఏం చేస్తన్నావు?"

నూకరత్నం తలెత్తలేదు.

"ఎదురు తిరగనేదంటే, నీకని నాను పాతించింది ఇంకా ఇక్కడే ఉందే."