ఎడమచేతి నూలు

"పేరైతే మార్సినావు గానీ, సెయ్యి మార్సలేదేటే?" అంటూ మేనత్త కూర్మమ్మ కాగితాల కట్టను రేఖ ముందు పడేసింది.

అది రేఖ రాసిన కథే. క్రియేటివ్ రైటింగ్‌లో ఎం.ఏ. చివరి ఏడు. రేపే విజయనగరంలో ఆ కథ మీద వైవా. అందులో కూర్మమ్మను సరోజిని చేసింది, పొందూరును ఇంకో ఊరు చేసింది. ఎడమచేత్తో నూలు వడికే మనిషి పొందూరు మొత్తానికి అత్త ఒక్కతేనన్న సంగతి మాత్రం మరిచిపోయింది.

"ఎవలిచ్చారత్తా నీకు?"

"మీ యమ్మ. రెండుసార్లు సదివినాను."

"తప్పయిపోనాది. నీ సంగతులు నిన్నడక్కుండా రాసేశాను. ఆ కథ తీసేస్తాను."

"ఉండెహె." కూర్మమ్మ చివరి పేజీ తీసి వేలు పెట్టింది. "వొదిలేసి పోయిన మొగుడు పన్నెండేళ్లకి తిరిగొచ్చి తలుపు కొడితే, ఈ సరోజిని తియ్యలేదని రాసినావు. నాను తీసినాను కదే! అన్నం కూడా ఎట్టినాను."

రేఖ తల వంచుకుంది. "ముగింపు గట్టిగా ఉండాలన్నారు మా సారు. అందుకని అలా రాశాను. జరిగినట్టే మార్చేస్తానత్తా."

పెన్ను మూత తీసిందో లేదో, కూర్మమ్మ ఎడమచెయ్యి వచ్చి దాన్ని లాగేసుకుంది.

"ముట్టుకున్నావంటే సూడు! ఆ తలుపు అలగే మూసుండనీ."



కూర్మమ్మ కాగితాలన్నీ ఒద్దికగా సర్ది ఆమె ఒళ్లో పెట్టింది.

"రేపు ఎవలైనా అడిగితే, ఆ సరోజిని మా అత్తేనని సెప్పు."