నిలవని తక్కెడ

ఆషాఢ అమావాస్యనాడు కుందేలుకి అన్యాయం జరిగింది. అడవి మందులకొట్టులో గిజిగాడు తూచిచ్చిన విషముష్టి పొడి మోతాదు మించి, దాని కూన మళ్లీ కళ్లు తెరవలేదు.

ఇప్పుడు ఉడుత, జ్వరంతో కాలిపోతున్న తన కూనను వీపున వేసుకుని అదే కొట్టుకొచ్చింది. గిజిగాడు అదే పొడి తూచడానికి తక్కెడ ఎత్తాడు. పక్కనే ఏనుగు రోట్లో వేర్లు దంచుతోంది. రోకటి పోటు పడ్డప్పుడల్లా నేల అదిరి తక్కెడ ఊగుతోంది. ఉడుత ఏనుగు వైపు తిరిగింది.

"ఏనుగు మావా, ఈ పొడి తూచేదాకా కాస్త ఆగవూ?"

"నేను ఆగితే మీకు మందెక్కణ్ణుంచి వస్తుందే? ఆ కుందేలూ ఇలాగే మొత్తుకుంది."

"మొత్తుకుంది. నువ్వు ఆగలేదు. నా తర్వాత వంతు మీ గున్నదే, దానికీ ఈ తక్కెడే. దంచు మావా, ఇంకా గట్టిగా దంచు!"

ఏనుగు మూల పడుకుని మూలుగుతున్న తన గున్నవైపు చూసింది. ఎత్తిన రోకలి గాల్లోనే ఆగిపోయింది.

తక్కెడ ఊగి ఊగి నిలిచింది. పొడి వేసిన తట్ట కిందికి దిగబడి ఉంది. గిజిగాడు ముక్కుతో సగం పొడి తీసేశాడు. తట్టలు సమానమయ్యాక బెరడు మీద గీశాడు: శ్రావణ శుద్ధ పంచమి, ఉడుత కూనకు గురివింద గింజలో సగమెత్తు.