చిన్నగదిలో కట్టెలు

“ఆ చిన్నగదిలో పేర్చు,” అంది రుకియా.

ఫిక్రెత్ భుజం మీద కట్టెల బుట్టతో గుమ్మంలోనే ఆగిపోయాడు. ఏటా ఆ ఇంటికి కట్టెలు తోలేది అతనే. ఆ గది తలుపు తెరిచి ఉండటం చూడటం మాత్రం ఇదే మొదలు.

“నిజంగానా అక్కా? తర్వాత నన్ను తిట్టకూడదు మరి.”

“ముందు కట్టెలు చూడనీ.”

ఆమె రెండు ముక్కలు తీసి ఒకదానితో ఒకటి కొట్టింది. ఖణేలుమన్నాయి. ఇంకో రెండు కొడితే మెత్తగా మూలిగాయి.

“ఇవి పచ్చివి. పొగే గానీ వేడి రాదు. తీసెయ్.”

“నీ దగ్గర ఒక్కటీ చెల్లదు కదా,” అని నవ్వుతూ అతను వాటిని బండిలోకి విసిరేశాడు.

అప్పుడే చెల్లెలు జుమ్రా బజారు నుంచి వచ్చింది. వాళ్ల ఇల్లంతా కలిపి వంటిల్లు, అక్కచెల్లెళ్లు పడుకునే గది, తమ్ముడు నెజీర్ చిన్నగది. అంతే. ఏటా కట్టెల్ని మెట్ల పక్కన టార్పాలిన్ కింద పేర్చేవాళ్లు. ద్రీనా నది మీంచి వచ్చే జల్లుకి అవి నానిపోయేవి. చలికాలమంతా ఇద్దరూ పొగలో దగ్గుతూ గడిపేవాళ్లు. చిన్నగది వాడుకుందామని జుమ్రా ఎన్నోసార్లు పోట్లాడింది. “వాడొస్తే ఎక్కడ పడుకుంటాడు?” అని రుకియా ఒక్క మాటతో నోరు మూయించేది.

“మంచం ఏదక్కా?” జుమ్రా గదిలోకి తొంగిచూసింది.

“విప్పేశాను.”

“మరి వాడొస్తే?”

“గోడకి ఆనించి పేర్చకు ఫిక్రెత్. జానెడు వదులు, గాలి ఆడాలి.”

“నేనింతకాలం మొత్తుకుంటే వినలేదు. బజారుకెళ్లి వచ్చేలోపు మనసు మారిందా?”

“చలి ముదురుతోందే.”

“ఏటా ముదురుతూనే ఉంది.” అక్క ఎలాగూ కాదంటుందన్న ధైర్యంతోనే తను ఇన్నాళ్లూ ఆ గది అడిగిందని జుమ్రాకి ఇప్పుడే తెలిసింది. “వద్దులే అక్కా. బయటే పెడదాం. తడిస్తే తడిశాయి.”

కట్టెల వరస కిటికీ అంచు దాకా లేచింది. ఫిక్రెత్ నిలబడే కాఫీ తాగి, ఇద్దరి మొహాలూ చూసి వెళ్లిపోయాడు.

రుకియా పొయ్యి రాజేసింది. ఎండుకట్టె వెంటనే అందుకుంది. చాలా ఏళ్ల తర్వాత ఆ వంటిల్లు పొగ లేకుండా వెచ్చబడింది. జుమ్రా మాత్రం కోటు విప్పలేదు.

“ఏం జరిగిందో చెప్పు,” అంది.

రుకియా చెల్లెల్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె చేతులు రెండూ తన ఒళ్లోకి తీసుకుంది.

యుద్ధంలో మాయమైన నెజీర్ ఎముకలు దొరికాయని ఆ పొద్దున ఫోన్ వచ్చింది.