ఏడో నంబరు గూడు

“అమ్మా, పొద్దున నలభై పీచుపోగులు పెట్టి వెళ్ళాను. ఇప్పుడు పదకొండే ఉన్నాయి. నువ్వేమైనా తీశావా?”

“ఆ, తీసి జడకి చుట్టుకున్నా,” అంది తల్లి వంటగదిలోంచి. “ఇల్లు సర్దుకోడానికే తీరిక లేదు, నీ పిట్టల గూళ్ళు కూడా నేనే సర్దాలా?”

ముప్ఫై దాటినా ఆ ఇంట్లో చిట్టిగానే మిగిలిపోయిన పరిశోధకురాలు ఏడో నంబరు పంజరం ముందు చతికిలబడింది. తలుపు కొక్కెం తిరగేసి ఉంది. పొద్దున హడావిడిలో తనే అలా పెట్టి ఉంటుంది. లోపల చెక్కపెట్టెలో, నిన్నటిదాకా ఏమీ లేని చోట, గుండ్రంగా ఓ గూడు మొదలైంది.

మొదలవకూడదు. అదీ గొడవ.

ల్యాబ్‌లో ఏసీ మరమ్మతులని, అనుమతి తీసుకుని రెండు పంజరాలు ఇంటికి తెచ్చింది. ఎనిమిదో నంబరు మామూలు పిట్ట. ఏడో దానికి మాత్రం మెదడులో ఆవగింజలో సగమంత చోటును పదిరోజులు నిద్రపుచ్చే మందు వేశారు. ఏ కదలిక తర్వాత ఏ కదలికో వరస చెప్పే చోటది. అది నిద్రపోతే గూడు కట్టాలన్న కోరిక ఉంటుంది, పోగు ముక్కున పట్టుకోవడమూ వస్తుంది. పట్టుకున్నాక ఏం చెయ్యాలో తోచదు. నాలుగేళ్ళుగా చిట్టి వాదన ఇదే. డాక్టరేటంతా దాని మీదే నిలబడి ఉంది.

“తోచదంటే?” అని పంజరాలు తెచ్చిన రోజే అడిగింది తల్లి.

“చొక్కా చేత్తో పట్టుకుని, ముందు చెయ్యి దూర్చాలా, తల దూర్చాలా అని నిలబడిపోయినట్టు.”

తల్లి కిటికీ వైపు చూసింది.

కిటికీ పక్క కుర్చీలో తండ్రి ఉన్నాడు. నలభై ఏళ్ళు పేము బుట్టలు అల్లిన మనిషి. ఆయన బుట్టలు కొనేవాళ్ళు ముందు బోర్లించి చూసేవారు. చివరి కొసను మెలితిప్పి లోపలికి దాచే ముడి ఒకటి ఆయనది, ఆ వీధిలో ఇంకెవరికీ చేతకాలేదు. ఆర్నెల్ల కిందట పక్షవాతం వచ్చి తగ్గాక చేతులకి బలం తిరిగొచ్చింది గానీ పని తిరిగి రాలేదు. ఇంతకంటే ఆశ పెట్టుకోవద్దన్నాడు డాక్టరు. కంచం ముందు పెట్టి తల్లి అవతలికి వెళ్ళిపోతుంది. ఎవరైనా చూస్తుంటే ఆ చెయ్యి అసలు కదలదు.

పిట్టల కిచకిచ ఆయనకి కాలక్షేపమని పంజరాలు ఆ కుర్చీ పక్కనే పెట్టారు.

“నాన్నా, ఇది కట్టడం నువ్వు చూశావా?”

ఆయన మాటలు కూడదీసుకోవడానికి కాస్త సమయం పట్టింది. “అడుగు... కుదర్లేదు.”

“పిట్ట పనికి వంకలు పెట్టేవాడు ఇంట్లోనే దొరికాడు,” అని నవ్వింది చిట్టి.

మర్నాడు సెలవు పెట్టి, నోటుపుస్తకంతో పంజరం ముందే కూర్చుంది. ఎనిమిదో పిట్ట మేస్త్రీలా ఊపిరి సలపకుండా పనిచేసింది. ఏడోది పోగు పట్టుకుంది, దిక్కులు చూసింది, వదిలేసింది. నలభైమూడు సార్లు. తండ్రి కునికిపాట్లు పడ్డాడు. సాయంత్రానికి ఆ గూడు పోగంతైనా పెరగలేదు.

“నువ్వలా గుడ్లప్పగించి చూస్తుంటే దానికి సిగ్గేమో,” అంది తల్లి.

“పిట్టలకి సిగ్గేమిటమ్మా?”

“వరస చెప్పే చోటుకే కదా మందు వేశారు? సిగ్గు చోటు మేలుకునే ఉంటుంది.”

మూడోరోజు చిట్టి యూనివర్సిటీకి వెళ్ళి ఐదింటికి తిరిగొచ్చేసరికి గూడు పూర్తయిపోయి ఉంది. ఎత్తుగా గోడలు, నున్నటి అంచు. ఎనిమిదో నంబరు గూడు దాని పక్కన చిందరవందర గడ్డివాములా ఉంది. చిట్టి గైడుకి ఫోన్ చేసింది.

“మందు సరిగ్గానే పడిందా?” అంది గైడు మేడమ్.

“పడింది మేడమ్. నిన్నంతా కళ్ళారా చూశాను. దానికి ఏమీ తోచడం లేదు.”

“మరి గూడు?”

“మెదడులో ఇంకో చోటు ఆ పని నేర్చుకుని ఉండాలి.”

“అంటే నీ నాలుగేళ్ళ వాదన...”

“గంగపాలే.”

“ఒకవేళ అదే నిజమైతే ఏడవకు. పోయిందనుకున్న పని మరో దారిన తిరిగొచ్చిందంటే, నీ వాదన కంటే అదే పెద్ద సంగతి. ఇంతకీ పిట్ట ఏం చేస్తోంది?”

“గూట్లో కూర్చుంది. కొత్తగా అద్దెకి దిగినవాడిలా గోడలు చూసుకుంటోంది.”

“గూడు తీసి అన్నివైపులా ఫొటోలు పంపు. అడుగు కూడా.”

పిట్టను మెల్లగా పక్కకి జరిపి, గూడు బయటికి తీసింది చిట్టి. పైనుంచి ఒకటి, పక్కలనుంచి నాలుగు ఫొటోలు తీసింది. కుర్చీలో తండ్రి ముందుకి వంగాడు. ఆయన ఒళ్ళో దుప్పటి మీద రెండు పీచుముక్కలు ఉన్నాయి.

“మెల్లగా,” అన్నాడు.

చిట్టి గూడు బోర్లించింది.

అడుగున, కొస లోపలికి దాచి, తండ్రి ముడి ఉంది.