ఎర్రగుడ్డ పాయింటు

సోమవారం పొద్దున్నే బోరు లారీ వస్తుంది. మొగుడూ పెళ్లాల మధ్య మాటల్లేక అప్పటికి వారం.

దుర్గి దగ్గర వాళ్ల బత్తాయి తోట ఎండిపోతోంది. వేసిన బోర్లు రెండూ దుమ్మే కక్కాయి. ఇక వేయించగలిగింది ఒక్కటే. అదీ ఎండుబోరైతే మిగిలిన చెట్లు పొయ్యిలోకే.

దేవానందం రిటైరైన సైన్సు మాస్టారు, పైగా చర్చిలో సంఘపెద్ద. ఆయన నరసరావుపేట నుంచి భూమిలో నీళ్లు కనిపెట్టే మెషిన్ తెప్పించాడు. వాళ్లు తీగలు పరిచి, లెక్కలు చూసి, ఒకచోట కొయ్య పాతారు. దానికి దేవానందం ఎర్రగుడ్డ కట్టాడు.

ఆ సాయంత్రమే ఆయన పెళ్లాం గ్రేసమ్మ ఇన్నయ్యను పిలిపించింది. ఇన్నయ్య అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని చేలో నడుస్తాడు. కింద నీళ్లుంటే కాయ నిటారుగా లేచి నిలబడుతుంది. ఆ చుట్టుపక్కల సగం బోర్లు ఆయన కాయ చూపించినవే. తోటలోనూ కాయ లేచింది. గ్రేసమ్మ అక్కడ ఇంకో కొయ్య పాతించి, తన పాత చీర చింపి పచ్చగుడ్డ కట్టింది.

తీరా చూస్తే రెండు కొయ్యల మధ్య నాలుగు బారల దూరం లేదు. ఎండిన చెట్లు పీకించి చదును చేసిన నేల. గుడ్డ రంగు చూస్తే తప్ప ఏది ఎవరిదో పాతినవాళ్లు కూడా చెప్పలేరు. ఈ మాత్రం దూరానికి అంత యుద్ధమా అంటారేమో. అది పల్నాడు నాపరాళ్ల నేల. ఒక బార ఇటైతే నీళ్లు, అటైతే దుమ్ము.

మాటలు ఆగిపోయే ముందు వాళ్లిద్దరూ ఆడుకున్న చివరి మాటలు ఇవి.

"సంఘపెద్ద తోటలో కొబ్బరికాయ ఏందే? నలుగురూ నవ్వుతున్నారు."

"కాయను దేవుడు చేశాడు. నీ మెషిన్ని ఎవుడు చేశాడయ్యా?"

"బోరు ఎర్రగుడ్డ దగ్గరే పడాల. అంతే."

దేవానందం పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నాలుగోది చూపిస్తే, అది తోక అంటాడు.

ఆదివారం వచ్చింది. ఈ గొడవ పాస్టరు జయపాల్ చెవిన ఎవరు వేశారో గానీ, ఆయన ప్రసంగం సూటిగా అక్కడికే వచ్చింది.

"పిడికిలి బిగించినవాడు విత్తనం చల్లలేడు. నాకు తెలిసిందే నిజం అని కూర్చుంటే దేవుడు కూడా మనకు కొత్త పాఠం చెప్పలేడు. నమ్మకం ఉండాలి. కానీ కాస్త చెయ్యి వదులు చేసి పట్టుకోండి."

గ్రేసమ్మకు ప్రాణం లేచొచ్చింది. ప్రతి మాటా కొలతలు తీసి కుట్టించినట్టు మొగుడికే సరిపోయింది. ఆడవాళ్ల వైపు నుంచి మెడ సాచి చూసింది. దేవానందం తల వంచుకుని తన చేతులు చూసుకుంటున్నాడు. వినవయ్యా, నీకే చెప్తున్నాడు, అనుకుంది.

విన్నాడో లేదో ఎవరికి తెలుసు. ఆ సాయంత్రం ఆయన తోటకు వెళ్లి పొద్దుగూకాక వచ్చాడు. కాళ్లు కడుక్కుని, తిని పడుకున్నాడు. ఎర్రగుడ్డకు కాపలా కాసి వచ్చాడు, ఈ మనిషి ఈ జన్మకు మారడు అని గ్రేసమ్మ తీర్మానించుకుంది.

కోడి కూయగానే లేచింది. ఆయన గుర్రు పెడుతున్నాడు. చీకటి ఇంకా విడవలేదు. తోటకు వెళ్లి రెండు గుడ్డలూ విప్పింది. ఎర్రది ఉన్న కొయ్యకు పచ్చది, పచ్చది ఉన్న కొయ్యకు ఎర్రది కట్టేసింది. మనసు నిమ్మళంగా ఉంది. ఆయన మాటా నెగ్గుతుంది, నీళ్లూ పడతాయి. ఇంతకన్నా మంచి ఇల్లాలు పల్నాడులో దొరుకుతుందా, మీరే చెప్పండి.

లారీ వచ్చింది.

"ఎక్కడెయ్యాలండీ?" అన్నాడు డ్రైవరు.

"ఎర్రగుడ్డ దగ్గరే వెయ్యి నాయనా," అంది గ్రేసమ్మ.

దేవానందం పెళ్లాం వంక వింతగా చూశాడు.

"ఆఁ, ఎర్రగుడ్డే," అన్నాడు.

బోరు రాడ్డు దిగుతోంది. తెల్లటి రాతిపొడి లేస్తోంది. ఎండ నడినెత్తికొచ్చినా దుమ్మే. గ్రేసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ప్రభువా, ఇన్నయ్య కాయ పరువు కాపాడు అని ప్రార్థన చేసింది. పొడి చెమ్మగిల్లింది. బురదైంది. ఉన్నట్టుండి నీళ్లు తాటిచెట్టంత ఎత్తు లేచాయి. గ్రేసమ్మ అక్కడే కూలబడి భోరున ఏడ్చింది.

"మాస్టారూ, మీ మెషినే గెలిచింది," అన్నారు చుట్టుపక్కల రైతులు.

గెలిస్తే వారం రోజులు చాటుకునే మనిషి. ఆ రోజు మాత్రం "ఏదో, దేవుడి దయ" అని నేల చూపులు చూశాడు. అంతటితో ఊరుకోక ఇన్నయ్యను పిలిచి కొత్త కండువా కప్పాడు. గెలిచినోడి దర్జా అంటే ఇదే కామోసు అనుకుంది గ్రేసమ్మ. నవ్వు ఆపుకోలేక చచ్చింది.

భోజనాల దగ్గర ఇక ఆగలేకపోయింది.

"ఏమయ్యా, ఒక మాట చెప్తా, కోప్పడమాక. ఆ నీళ్లు నీ మెషిన్‌వి కాదు, ఇన్నయ్య కాయవి. కోడి కూసినప్పుడు పోయి గుడ్డలు మార్చింది నేనే."

దేవానందం నోటి దాకా తెచ్చిన ముద్దను కంచంలో పెట్టేశాడు. కోపం వస్తుందనుకుంటే రాలేదు.

"ఒసే పిచ్చిదానా, ఈసారికి నీ కాయ మాటే నెగ్గనీలే అని, నిన్న పొద్దుగూకేటప్పుడు నేను మార్చొచ్చిన గుడ్డల్ని నువ్వు మళ్లీ ఎనక్కి మార్చావా?"