ఉయ్యాల వెనక మనిషి

తార తల వెనక, జానెడు దూరంలో, ఒక చేయి గాలిలో నిలిచి ఉంది.

ముసలి చేయి. వేళ్లన్నీ తలోవైపు వంకరపోయిన చేయి.

సుభద్ర కెవ్వుమంది. పరుగున వెళ్లి ఐదేళ్ల కూతుర్ని ఉయ్యాల మీంచి లాక్కుంది.

ముసలాయన ఒక అడుగు వెనక్కి వేశాడు. పిడికిలి బిగించి, కోటు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

మ్యూనిక్ అద్దెలు భరించలేక ఈ చిన్న ఊరికి వచ్చి నెల కాలేదు. ఇంటికి ఎదురుగా పిల్లల పార్కు, దాన్ని ఆనుకుని కంచె, కంచె అవతల బేస్‌బాల్ మైదానం. సుభద్ర ఆ పార్కును చూసే ఇల్లు ఒప్పుకుంది.

ఇప్పుడు కిటికీ తెర తీయాలంటే గుండె దడ.

తార జారుడుబల్ల దగ్గరికి వెళ్తే ఆయనా అటే జరుగుతాడు. ఇసుకలో కూర్చుంటే వెనకే నిలబడతాడు. పిల్లలెవరూ లేని రోజున కూడా వానలో తడుస్తూ ఖాళీ ఉయ్యాల వెనక ఉంటాడు.

“విక్రాంత్, ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఉయ్యాల్లో ఎవరూ లేరు!”

భర్త వచ్చి చూశాడు. నిజమే. పెదవులు కదులుతున్నాయి.

“ఎర్ హోర్ట్ త్సూ,” అంది తార జర్మన్‌లో.

“వింటున్నాడా? ఏం వింటున్నాడే?”

తార భుజాలు ఎగరేసింది.

“టౌన్ ఆఫీసులో అపాయింట్‌మెంట్ తీసుకుంటా. కంప్లైంట్ ఇచ్చేద్దాం,” అన్నాడు విక్రాంత్.

ఇచ్చారు. ఇద్దరు ఉద్యోగులు వచ్చి, ఇక పార్కులో అడుగుపెట్టొద్దని ఆయనతో చెప్పారు. ఆయన తలూపాడు. పోతూ పోతూ సుభద్ర ముందు ఆగాడు.

“ఆదివారాలు పాపని ఇక్కడికి తీసుకురాకండి.”

సుభద్ర గబగబా ఇంటికెళ్లి ఆ మాట భర్తకి చెప్పింది.

“బెదిరిస్తున్నాడా? ఆయనకి భయపడి పిల్లని ఇంట్లో కూర్చోబెడతామా?” అన్నాడు విక్రాంత్.

మూడో ఆదివారం సుభద్ర తెగించి తారని తీసుకెళ్లింది.

కంచె అవతల మ్యాచ్ జరుగుతోంది. షూ లేసు ఊడిందని తార ఉయ్యాల దిగింది.

ఠప్పుమని చప్పుడు.

ఖాళీ ఉయ్యాల పైకెగిరి, గొలుసులు మెలితిరిగి వేలాడింది. ఇసుకలో తెల్లటి బంతి.

ఒక ఆటగాడు గేటు తోసుకుని పరిగెత్తుకొచ్చాడు.

“పాపకి తగల్లేదుగా? హాలిస్ గారు ఏరీ? కంచె దాటిన బంతుల్ని ఆయనే కదా పట్టుకునేది, ఒట్టి చేత్తో!”

సుభద్ర ఇసుకలోంచి బంతి తీసి చేతిలో పట్టుకుంది. ఆ రోజు ఆ పిడికిలి ఖాళీగా లేదు.

“ఎవరాయన?”

“అమెరికాలో పదకొండేళ్లు ప్రొఫెషనల్‌గా ఆడారు. ఈ ఊరమ్మాయిని చేసుకుని ఇక్కడే ఉండిపోయారు. ఎందుకో మూడు వారాలుగా రావడం లేదు.”

అడ్రస్ తీసుకుంది. వెళ్లడానికి మొహం చెల్లక ఇంకో వారం ఆగింది.

తారని వెంటబెట్టుకుని వెళ్తే, నల్లబట్టల్లో ఉన్న ఒక పెద్దావిడ తలుపు తీసింది.

“హాలిస్ గారికి క్షమాపణ చెప్పుకోవాలి,” అంది సుభద్ర.

“గురువారం పోయారమ్మా.”

ఆ గొంతులో కోపం లేదు. అదే సుభద్రని మరింత కోసింది.

“మా పాపని కాపాడారు. అది తెలీక నేను...”

“బంతి చూస్తే పిల్లలు జడుసుకుంటారని దాచేసేవారు. ఎవరికీ చెప్పేవారు కాదు.” ఆమె తారనే చూస్తోంది. “మా లీజాకి అప్పుడు నాలుగేళ్లు. నాన్న ఆట చూస్తానని నాతో వచ్చి ఉయ్యాలెక్కింది. తర్వాత ఉయ్యాల మార్చారు, కంచె ఎత్తు పెంచారు. చోటు మాత్రం అదే. ముప్పై ఏళ్లు ఆయన అక్కడ లీజాతో మాట్లాడుతూనే ఉన్నారు.”

“బంతి తగిలిందా?” అంది సుభద్ర.

పెద్దావిడ వంగి తార తల నిమిరింది.

“ఆ బంతి కొట్టింది లీజా వాళ్ల నాన్నే.”